బాలకథలలో ఊహ – తాత్పర్యము

బాలుర వాచకములందలి కథల చివర ‘నీతి’ యను శీర్షిక క్రింద ఒక వాక్యము కనిపించుట మనకు చిరపరిచితము. కథ ముగియగానే ఉపాధ్యాయుడు ఈ కథవలన తెలియు నీతి యేమి యని ప్రశ్నించును. విద్యార్థి ఆ వాక్యమును అప్పగించును. పాఠము ముగిసినదని ఉభయులును భావింతురు. ఈ యాచారమునందు ఒక లోపము కలదు. కథను చదువకయే ఆ వాక్యమును అప్పగింపవచ్చును. కథను శ్రద్ధగా చదివి, పాత్రల చేష్టలను గ్రహించి, తనకు తోచినదానిని చెప్పిన బాలుడు ఆ వాక్యమును మాత్రము చెప్పలేకపోవచ్చును. మార్కులు మొదటివానికి వచ్చును, రెండవవానికి రావు. అట్టి ప్రశ్న పఠనమును పరీక్షించుట లేదు. ధారణను మాత్రమే పరీక్షించుచున్నది.

ఇది సామాన్యవిషయము కాదు. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి శిశువును అర్థగ్రహణముతో చదువగలవానినిగా చేయవలెనని 2021 జూలైలో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ కార్యక్రమమును ప్రారంభించినది. 2026–27 విద్యాసంవత్సరమును గడువుగా పెట్టుకొన్నది. అర్థగ్రహణమనగా నేమి? అక్షరములను కూర్చి పలుకుట కాదనుట స్పష్టము. చెప్పినదానినుండి చెప్పనిదానిని గ్రహించుట ఒకటి, కథ మొత్తము దేనిని ప్రతిపాదించుచున్నదో కనుగొనుట మఱియొకటి. మొదటిదానిని ‘ఊహ’ యనియు, రెండవదానిని ‘తాత్పర్యము’ అనియు ఈ వ్యాసమునందు వ్యవహరించుచున్నాము. ఈ రెండును పాశ్చాత్య బోధనశాస్త్రమునుండి వచ్చిన కొత్తభావములని తలచువారు కలరు. మా యభిప్రాయము వేఱు. ఊహకు తర్కశాస్త్రమును, తాత్పర్యమునకు మీమాంసాశాస్త్రమును మనకు ప్రమాణములను సిద్ధముగా నిచ్చినవి. వానిని బాలకథలకు అన్వయించి చూచినచో నీతివాక్యము తాత్పర్యము కాదనియు, ఊహ లేనిచోట తాత్పర్యమే లభింపదనియు తేటపడును. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఉదాహరణములకు అనకాపల్లి ప్రాంతమును ఎన్నుకొంటిమి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఆ జిల్లాలో చెఱకుతోటల పల్లెలును, పూడిమడక వంటి సముద్రతీరపు మత్స్యకారగ్రామములును గలవు. ఒకే వాచకమును చదువు పిల్లలు వేర్వేఱు లోకానుభవములతో బడికి వచ్చుటను అచ్చట స్పష్టముగా గమనింపవచ్చును.

ముందుగా ‘అనుమానము’ అను శబ్దమును గూర్చి ఒక మాట. వాడుకలో ఈ శబ్దమునకు సందేహమని, శంక యని అర్థము. శాస్త్రమునందు దానికి విరుద్ధముగా, హేతువునుబట్టి కలుగు నిశ్చయజ్ఞానమని అర్థము. అందుచేత పసివారి విషయమున ‘ఊహ’ యనుటయే మేలు. పిల్లలకు చుట్టూ ఉన్న లోకము తెలియవచ్చు ప్రాయమును ‘ఊహ తెలిసిన వయస్సు’ అని తెలుగువారు అందురు. జ్ఞాపకము, వివేకము, లోకపరిచయము అన్నియు ఆ ఒక్కమాటలో ఇమిడియున్నవి. ఊహ పెద్దతరగతుల విద్య యనియు పసివారికి అందనిదనియు చెప్పువారికి ఈ నుడికారమే సమాధానము.

అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారందఱు పర్వతమునందలి పొగను, వంటయింటి దృష్టాంతమును ఎఱుగుదురు. పొగయున్నచోట నిప్పుండుననెడు నియతసంబంధము వ్యాప్తి. వంటయింటిలో దానిని చూచినవాడు పర్వతముమీది పొగనుండి నిప్పును ఊహించును. ఇప్పుడు ఇదే దృష్టాంతమును అనకాపల్లి పొలములకు తెత్తము. చెఱకు గానుగాడు దినములలో తోటల నడుమ లేచు పొగను చూచి ఆ ఊరి బాలుడు అచ్చట బెల్లము వండుచున్నారని చెప్పును. ఎండిన పిప్పి మండు పొయ్యి వానికి కనబడలేదు. పెనములో కాగు రసమును కనబడలేదు. అదే పొగను చూచిన పరదేశి నిప్పున్నదని మాత్రమే చెప్పగలడు. ఇరువురకును హేతువు ఒక్కటే. వ్యాప్తిజ్ఞానము వేఱు, కావున ఫలితమును వేఱైనది. పఠనమునందును ఇదియే జరుగును. వాక్యము హేతువును మాత్రమే ఇచ్చును. వ్యాప్తిని బాలుడు తన బ్రతుకునుండి తెచ్చుకొనవలెను. ఊహింపలేని బాలుని మందబుద్ధి యనుటకు ముందు వానికి లోపించినది తెలివియా, ఆ కథకు కావలసిన అనుభవమా యని ఉపాధ్యాయుడు విచారింపవలెను.

అయినను కథలోని ఊహ తర్కములోని అనుమానముతో సర్వథా సమానము కాదు. ఈ విషయమున ఆలంకారికుల వాదము మనకు ఉపకరించును. 9వ శతాబ్దమున ఆనందవర్ధనుడు వాచ్యార్థమునకంటె వేఱైన వ్యంగ్యార్థమును ధ్వన్యాలోకమునందు స్థాపించెను. 11వ శతాబ్దమున మహిమభట్టు వ్యక్తివివేకమును రచించి, ధ్వని యనబడునదంతయు అనుమానమే యని వాదించెను. వీరి వాదమునకు కేంద్రమైన ప్రాకృతగాథ హాలుని సప్తశతిలోనిది, గోదావరీతీరమునకు సంబంధించినది. పూలకొఱకు వచ్చు ధార్మికునితో ఒక స్త్రీ ఇక నిర్భయముగా తిరుగుమనియు, నిన్ను బెదరించు కుక్కను గోదావరి పొదరింట నున్న సింహము చంపినదనియు చెప్పును. మాట ‘తిరుగుము’ అని. భావము ‘రావలదు’ అని. తన సంకేతస్థలమునకు అతడు రాకుండుటయే ఆమె కోరిక. కుక్కకే భయపడువాడు సింహమున్నచోటికి పోడు కావున నిషేధము అనుమానమువలన సిద్ధించునని మహిమభట్టు మతము. దీనిని మమ్మటుడు కావ్యప్రకాశమునందు ఖండించెను. భయపడువాడును గురువు ఆజ్ఞచేతనో, ప్రియురాలిపై అనురాగముచేతనో పోవచ్చును; సింహమున్నదనుటకు ఆ స్త్రీమాట తప్ప వేఱు ప్రమాణము లేదు; కావున హేతువు దృఢము కాదు.

ప్రాథమిక పాఠశాలకును ఈ శాస్త్రచర్చకును సంబంధమేమి యని శంకింపవచ్చును. సంబంధము దగ్గరిదే. మహిమభట్టునుండి మనము గ్రహింపవలసినది, ఊహకు హేతువును చూపవలెనని. మమ్మటునినుండి గ్రహింపవలసినది, కథలోని హేతువు ఎంత బలమైనదైనను నిశ్చయమును ఈయలేదని. ‘నీకెట్లు తెలిసినది?’ అని ప్రశ్నించుట మొదటి పాఠము. ‘వేఱొక విధముగా ఉండవచ్చునా?’ అని ప్రశ్నించుట రెండవ పాఠము. ఈ రెండు ప్రశ్నలును కలిసినప్పుడే ఊహకు శిక్షణ లభించును. మొదటిది లేనిచో బాలుడు ఇష్టము వచ్చినట్లు కల్పించును. రెండవది లేనిచో ఉపాధ్యాయుని ఊహయే సత్యమని అంగీకరించును.

ఇప్పుడు తెలుగుపిల్లలు బడికి రాకమునుపే వినెడు ఏడుచేపల కథను పరిశీలింతము. రాజుకొడుకులు ఏడుగురు వేటకు పోయి ఏడుచేపలను తెచ్చి ఎండబెట్టిరి. ఒక చేప ఎండలేదు. కారణమడుగగా చేప గడ్డిమేటును, గడ్డిమేటు ఆవును, ఆవు తన్ను మేపువానిని, వాడు బువ్వ పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చిన పిల్లవానిని, పిల్లవాడు కుట్టిన చీమను చూపుదురు. తన పుట్టలో వేలుపెట్టిన కుట్టకుందునా యని చీమ బదులు చెప్పును. పాఠాంతరములు పెక్కు గలవు. కాని కథాశరీర మిదియే.

ఈ కథ కార్యకారణముల గొలుసు. కారణములన్నియు వాచ్యములే కదా, ఇందు ఊహకు తావెక్కడ యని తోచవచ్చును. కాని ఒక్కొక్క లంకెలోను కథ చెప్పక విడిచినది గలదు. గడ్డిమేటు అడ్డమైన చేప ఎండకుండుట యెందుచేత? నీడపడుటచేత. ఆవు మేయకున్న గడ్డిమేటు అట్లే యుండుట యెందుచేత? మేసిన తఱిగెడిది కావున. చేప ఎండకున్న నష్టమేమి? ఈ చివరి ప్రశ్నకు కథలో సమాధానము లేనేలేదు. పూడిమడక బాలునికి దానిని చెప్పనక్కఱలేదు. ఎండని చేప నిలువయుండదని, కుళ్లిపోవునని వాడు తీరముననే నేర్చియున్నాడు. చెఱకుపల్లె బాలునికి గడ్డియు ఆవును తెలియును. చేపను గూర్చి తోటివానిని అడిగి తెలిసికొనవలెను. పట్టణపు బాలునికి రెండును తెలియకపోవచ్చును. ఒక్క తరగతిలో ఈ మువ్వురును ఉన్నచో కథకు కావలసిన వ్యాప్తులన్నియు తరగతిలోనే లభించును. ఉపాధ్యాయుడు చేయవలసినది వానిని ఒకచోట చేర్చుట మాత్రమే.

ఇక ఈ కథ తాత్పర్యమేమి? ఇతరులపై నెపము మోపరాదనునది సులభముగా తోచు నీతి. ఇది నిలువదు. నెపమనగా అసత్యమైన కారణము. ఈ కథలో ఎవ్వరును అసత్యమాడలేదు. గడ్డిమేటు నిజముగానే అడ్డమువచ్చినది. పిల్లవాడు నిజముగానే ఏడ్చినాడు. కథ ఎవ్వరిని దండింపలేదు, నిందింపలేదు. అడుగువాడు తప్పును వెదకుచు బయలుదేరియుండవచ్చును. కాని అతనికి అడుగడుగున లభించినది కారణమే. చివరి చీమ మాత్రము మఱియొకరిని చూపి ఊరకుండక తన యింటిని గూర్చి మాటలాడినది. రాజుకొడుకుల చేప ఎండుటకును చీమపుట్ట క్షేమముగా నుండుటకును సంబంధము కలదని శ్రోతకు అప్పుడు స్ఫురించును. చిన్నప్రాణి యింటికి కలిగిన హాని ఎంతదూరము పోవునో చూపుట ఈ కథ తాత్పర్యమని మా భావము. ఇంతకంటె యుక్తమైన దానిని కథనుండి చూపగల బాలుడున్నచో వాని మాటను అంగీకరింపవలసినదే.

ఈ కథకు వేదాంతపరమైన వ్యాఖ్యానములు ప్రచారమున గలవు. రాజు మానవుడనియు, ఏడుగురు కొడుకులు సప్తధాతువులనియు ఆరంభించి, ప్రతివస్తువునకు ఒక సంకేతార్థమును చెప్పుదురు. ఉపన్యాసమునందు ఇవి రంజకములు. కాని విమర్శదృష్టితో చూచినచో ఇవి కథనుండి పుట్టినవి కావు, కథపై మోపబడినవి. ఏడు సంఖ్య తప్ప సప్తధాతువులను సూచించు హేతువు కథలో ఒక్కటియు లేదు. ఏడుగల వస్తువులు లోకమున పెక్కు గలవు. వానిలో దేనినైనను ఇట్లే అన్వయింపవచ్చును. హేతువు ఏ యర్థమునకైనను లొంగునప్పుడు అది హేతువు కాజాలదు. బాలుని విచ్చలవిడి కల్పనను సవరింపగోరు ఉపాధ్యాయుడు పెద్దల కల్పనను కూడ అదే కొలతతో కొలువవలెను.

నీతివాక్యము కథకు చేయు అపకారమును చూచుటకు నీతిచంద్రిక చక్కని ఆధారము. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన ఈ గ్రంథములోని మిత్రలాభమునందు చిత్రగ్రీవుడను కపోతరాజు ముసలిపులి కథను చెప్పును. బంగారుకంకణమును చూపి బాటసారిని పిలిచి, బురదలో దిగబడిన వానిని పులి చంపిన కథ యది. దీనిని విడదీసి దురాశ దుఃఖమునకు చేటు అను సామెతను చివర చేర్చుట వాచకములకు అలవాటు. మూలమునందు ఈ కథ ఎందుకు వచ్చినది? అడవిలో చల్లియున్న నూకలను చూచి పావురములు దిగబోవుచుండగా, మనుష్యసంచారము లేనిచోటికి నూకలెట్లు వచ్చినవని చిత్రగ్రీవుడు శంకించెను. వల కనబడలేదు, వేటకాడు కనబడలేదు. ఉండరానిచోట నూకలుండుటను హేతువుగా గొని అతడు అపాయమును ఊహించెను. ఆ ఊహను తనవారికి నచ్చజెప్పుటకే పులికథను చెప్పెను. కావున ఆ ఘట్టమున ప్రధానమైనది ఆశను నిందించుట మాత్రమే కాదు. కనబడుదానినుండి కనబడనిదానిని గ్రహించు నేర్పు. కథను సందర్భమునుండి కోసివేసి సామెతను తగిలించినచో ఆ నేర్పే పోవును. దురాశ చెడ్డదని వల్లించిన బాలుడు నూకలను చూచి శంకింపడు. నీతిని కాపాడవలెనన్నను ఊహను విడువరాదని దీనివలన తేలుచున్నది.

తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు ఆఱు లింగములను చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వేదవాక్యములకై ఏర్పడిన ఈ సాధనములను బాలకథకు ప్రయోగించుట అపచారము కాదు. వాక్యసముదాయము ఎంత చిన్నదైనను దాని ఏకార్థతను నిర్ణయించు మార్గమొక్కటే. 15వ శతాబ్దమునందలి అనంతామాత్యుని భోజరాజీయములోని గోవ్యాఘ్రసంవాదమును పరీక్షింతము. పులికి చిక్కిన ఆవు దూడకు పాలిచ్చి వత్తునని మాటయిచ్చి పోవును, మాటప్రకారము తిరిగివచ్చును, పులి దానిని చంపక విడుచును.

ఈ కథ దేనిని గూర్చినదని అడిగినచో తల్లిప్రేమను గూర్చి యని పలువురు బాలురు చెప్పుదురు. ఇది త్రోసివేయదగిన ఊహ కాదు. దూడకొఱకే కదా ఆవు సెలవు కోరినది. కాని లింగములతో పరీక్షింపుడు. ఉపక్రమమున ఆవు పులికి బలవంతముగా చిక్కియున్నది; ఉపసంహారమున తన యిచ్ఛచేత పులియెదుట నిలిచినది. ఈ రెండింటి నడుమ మాఱినదానిని మాతృప్రేమ వివరింపజాలదు. అది ఆవు పోవుటకు కారణము కాగలదు. తిరిగివచ్చుటకు ప్రతిబంధకమే కాగలదు. అభ్యాసమనగా మరల మరల వచ్చునది. పులికి చెప్పినమాటయే దూడయెదుటను, తిరిగివచ్చినప్పుడును నిలుచుచున్నది. అపూర్వత లోకమున చూడనిది. తప్పించుకొన్న జంతువు తానై వేటాడు మృగమునొద్దకు వచ్చుటకంటె అపూర్వమేమున్నది? ఫలము పులి మనసు మాఱుట. అర్థవాదము మాట నిలుపుటకు కథలో లభించు ప్రశంస. ఉపపత్తి ఆవు రాకకు కథయే చూపు యుక్తి. ఆఱును సత్యవాక్కునే చూపుచున్నవి. అంతమాత్రమే కాదు. ఫలము పులియందు కనబడుటచేత, సత్యము పలికినవారిని రక్షించునని మాత్రమే గాక విన్నవారిని మార్చునని కూడ ఈ కథ చెప్పుచున్నదనవలెను. ‘సత్యమునే పలుకవలెను’ అను నీతివాక్యమునందు పులి లేదు. తాత్పర్యమునందు పులి యున్నది. నీతికిని తాత్పర్యమునకును గల భేదమిదియే. నీతి కథ వెలుపల కూడ నిలువగలదు. తాత్పర్యము కథలోని పాత్రలను విడిచి నిలువజాలదు.

ఆధునికకథ ఈ మార్గమున ఎంతదూరము పోయినదో చూచుటకు మరల అనకాపల్లి ప్రాంతమునకే రావలసియున్నది. నేటి ఆ జిల్లాలోని సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావు 1910లో ఆంధ్రభారతి పత్రికయందు ‘దిద్దుబాటు’ను ప్రకటించెను. అది బాలురకొఱకు వ్రాసినది కాదు. బోధకులకు మాత్రము పాఠ్యమైనది. రాత్రి ఆలస్యముగా ఇల్లుచేరిన గోపాలరావు భార్య పుట్టింటికి పోయినట్లున్న ఉత్తరమును చూచి పశ్చాత్తప్తుడగును. చివర మంచము క్రిందినుండి నవ్వును, కంకణముల చప్పుడును వినవచ్చును. అచ్చట నున్నది కమలిని యని చెప్పు వాక్యముతో రచయితకు పనిలేకపోయినది. నవ్వు, కంకణములు అను రెండు హేతువులతో పాఠకుడు ఆమెను కనుగొనును. వెనుకటి ఉత్తరమునంతటిని కొత్తగా అర్థము చేసికొనును. నీతివాక్యమునకు అచ్చట చోటులేదు; దిద్దుబాటు అను పేరే తాత్పర్యమునకు దారిచూపును. ఏడుచేపల కథలో నీడను ఊహించిన బాలుడే కొన్నియేండ్లకు ఈ కంకణముల చప్పుడును వినగలడు. మొదటి అవకాశమును నీతివాక్యముతో మూసివేసినచో రెండవదానిని ఆశించుట అడియాస.

పసివారికి స్పష్టమైన ఉపదేశమే హితమనియు, ఊహకు విడిచినచో తప్పుదారి పట్టుదురనియు ఆక్షేపింపవచ్చును. ఉపదేశము వలదని మేము అనుట లేదు. అది ఊహ పనిని చేయజాలదని మాత్రమే అనుచున్నాము. తప్పుదారికి మందు కథలోనే ఉన్నది. నీకెట్లు తెలిసినదని అడిగినప్పుడు బాలుడు మరల కథలోనికి పోవలెను. అచ్చట ఆధారము లేనిచో తన ఊహను తానే విడుచును. మన పూర్వులు ఈ మర్మమునెఱిగియే బేతాళకథలను కల్పించిరి. బేతాళుడు కథను చెప్పి నీతిని చెప్పడు, చిక్కుప్రశ్నను వేయును. విక్రమార్కుడు సమాధానముతోపాటు కారణమును కూడ చెప్పును.

కాబట్టి వాచకములను కూర్చువారు కథచివరి నీతివాక్యమును తొలగించి, దానిచోట మూడు ప్రశ్నలను ఉంచుట మేలని మా సూచన. కథ చెప్పక విడిచినదేమి? అది నీకు ఏమాటవలన తెలిసినది? మొదట ఉన్నదానికిని చివర ఉన్నదానికిని మాఱినదేమి? మొదటి రెండును ఊహకు సంబంధించినవి; మూడవది తాత్పర్యమునకు ద్వారము. సమాధానములు పలువిధములుగా వచ్చును. వానిని దిద్దుట ఒక్క వాక్యమును దిద్దుటకంటె కష్టము. ఆ కష్టమును ఉపాధ్యాయుడు అంగీకరించిననాడు మాత్రమే అర్థగ్రహణమను మాటకు ప్రాథమిక పాఠశాలలో అర్థముండును. పరిశోధకవిద్యార్థులు తమ తమ మండలములలో పిల్లలు చెప్పు ఏడుచేపల కథ పాఠాంతరములను, వానికి పిల్లలే చెప్పు కారణములను సేకరించినచో ఈ విచారము ముందుకు సాగగలదు.